పాచికి పాచే విరుగుడు

పగడాల తొట్టి చూడ్డానికి వచ్చినవాళ్ళ చూపు గాజు మీదనుంచి కదలదు. నీలి వెలుతురులో ఊగే పగడాలు, వాటి మధ్య తిరిగే పసుపుపచ్చ చేపలు, మరక లేని రాళ్ళు. ఈ పనిలో చేయి తిరిగినవాళ్ళు మాత్రం కాసేపు చూసి, కింద అర తలుపు తెరవమంటారు. ఆ అరలో సంప్ అనే రెండో తొట్టి ఉంటుంది. పై తొట్టి నీళ్ళు గొట్టం గుండా అందులోకి దిగి, శుభ్రపడి, పంపు తోస్తే మళ్ళీ పైకి వెళ్తాయి. సంప్ మీద ఒక మూలన చిన్న నల్ల పెట్టె ఉంటుంది. దాని సందుల్లోంచి ఎర్రటి వెలుతురు బయటికొస్తూ ఉంటుంది. మూత తీస్తే లోపల అరచేతికన్నా కాస్త పెద్దదైన ప్లాస్టిక్ జాలీ, దాని రెండు ముఖాల మీదా జారే పలచని నీటి పొర, ఆ పొర కింద గళ్ళు కనబడనంత దట్టంగా పచ్చటి నాచు. పైన గాజు మీద ఒక్క పోగు కనబడితే కంగారుపడే మనిషే, కింద అదే నాచుకు రోజంతా నీళ్ళు పోసి, గంటల తరబడి దీపం పెట్టి పెంచుతున్నాడు.

ఆ పెట్టెను ఆల్గే స్క్రబ్బర్ అంటారు. ఉప్పునీటి తొట్టిలో పాచి బెడదకు మనుషులు కనిపెట్టిన ఉపాయాల్లో నాకు అన్నిటికన్నా గౌరవం దీని మీదే. ఇది ఎందుకు పనిచేస్తుందో తెలియాలంటే ముందు పాచి ఎందుకు పడుతుందో చూడాలి.

పగడపు దిబ్బల చుట్టూ ఉండేవి చాలా పేద నీళ్ళు. లీటరుకు ఫాస్ఫేట్ సాధారణంగా 0.03 మిల్లీగ్రాములకు లోపే ఉంటుంది. నైట్రేట్ ఒక మిల్లీగ్రాములో చిన్న వంతు. అంత లేమిలో అంత నిండైన జీవం ఎలా సాధ్యమని డార్విన్ కాలం నుంచీ అడుగుతూనే ఉన్నారు. జవాబులో పెద్ద భాగం పగడం ఒంట్లోనే ఉంది. దాని కణాల్లో జూజాంథెల్లే అనే సూక్ష్మ శైవలాలు కాపురముంటాయి. పగడం విసర్జించే నైట్రోజన్, ఫాస్ఫరస్ వాటికి ఎరువు. అవి ఎండలో తయారుచేసే చక్కెర పగడానికి తిండి. ఇంట్లో చేసింది ఇంట్లోనే సర్దుకుంటారు కాబట్టి బయటి నీళ్ళలోకి పోయేది తక్కువ. అందుకే అక్కడ నాచుకు పెద్దగా దొరకదు, దొరికిన కాస్తనూ పెరిగీ పెరగకముందే చేపలు మేసేస్తాయి.

తొట్టిలో లెక్క తిరగబడుతుంది. చేపలకు రోజూ మేత వేయాలి. ఆ మేతలో నైట్రోజన్ ఉంది, ఫాస్ఫరస్ ఉంది. చేప ఒంటికి పట్టేది కొంతే, మిగిలింది నీళ్ళలోకి వస్తుంది. బ్యాక్టీరియా అమ్మోనియాను నైట్రైట్‌గా, నైట్రైట్‌ను నైట్రేట్‌గా మారుస్తాయి. రాళ్ళ లోపలి పొరల్లో ఆక్సిజన్ అందని చోట మరికొన్ని బ్యాక్టీరియా ఆ నైట్రేట్‌ను నైట్రోజన్ వాయువుగా విడగొడతాయి, అది గాలిలో కలిసిపోతుంది. అంటే నైట్రోజన్‌కు ఒక వాకిలి ఉంది. ఫాస్ఫరస్‌కు అదీ లేదు. అది వాయువు కాదు, ఎగిరిపోదు. మేతతో వచ్చిన ఫాస్ఫరస్‌లో మీరు చేత్తో బయటికి తీసింది తప్ప మిగిలిందంతా తొట్టిలోనే ఉంటుంది. నీళ్ళలో లేకపోతే రాళ్ళలో ఉంటుంది. తొట్టిలోని రాయి, ఇసుక చాలావరకు కాల్షియం కార్బొనేట్. ఫాస్ఫేట్ దాని ఉపరితలానికి అంటుకుంటుంది, నీళ్ళలో తగ్గినప్పుడు మెల్లగా విడుదలవుతుంది. నెలల తరబడి శ్రద్ధగా నీళ్ళు మార్చినా పచ్చదనం వదలకపోవడానికి చాలాసార్లు కారణం ఈ దాపుడు సొమ్మే.

పరీక్ష కిట్‌లో ఫాస్ఫేట్ సున్నా చూపిస్తోంది, అయినా రాళ్ళ నిండా పాచి ఉందంటే పరీక్ష తప్పని చాలామంది అనుకుంటారు. కిట్ చూపేది నీళ్ళలో మిగిలినదాన్ని. రాయి వదిలిన ప్రతి అణువునూ పక్కనే ఉన్న నాచు ఎప్పటికప్పుడు మింగేస్తుంటే మిగిలేది సున్నానే. పైగా నాచుకు ఫాస్ఫరస్ పెద్దగా అక్కర్లేదు కూడా. నీళ్ళలో తేలే ప్లవకాల ఒంట్లో ఒక్కో ఫాస్ఫరస్ పరమాణువుకు సుమారు 16 నైట్రోజన్, 106 కార్బన్ పరమాణువులు ఉంటాయి. దీన్ని రెడ్‌ఫీల్డ్ నిష్పత్తి అంటారు. అడుగున రాళ్ళకు అంటుకుని పెరిగే సముద్రపు మొక్కల్లో ఆ నిష్పత్తి సగటున ఒకటికి 30, 550 అని 1983లో అట్కిన్సన్, స్మిత్ లెక్కతేల్చారు. అంటే కాస్త ఫాస్ఫరస్‌తో చాలా ఒళ్ళు పెంచగల జాతి ఇది. ఇలాంటిదాన్ని పస్తు పెట్టి చంపాలనుకుంటే ముందు పగడాలు పస్తు పడతాయి.

పాచి అని మనం ఒక్క మాటలో అనేస్తాం గానీ తొట్టిలో పట్టేవన్నీ ఒక జాతివి కావు. కొత్త తొట్టిలో మొదటి వారాల్లో ఇసుక మీద పరుచుకునే గోధుమరంగు పొడి డయాటమ్‌లది. వాటి గోడలు సిలికావి, సిలికా అయిపోతే అవే తగ్గిపోతాయి. ఇసుక మీద ఎర్రటి జిగట దుప్పటిలా లేచేది సయనోబ్యాక్టీరియా, అంటే శైవలమే కాదు, బ్యాక్టీరియా. రాళ్ళ మీద పచ్చటి వెంట్రుకల్లా పెరిగేవాటిలో డెర్బీసియా ఉంటుంది. దాన్నే పోలి, దగ్గరగా చూస్తే పక్షి ఈకలా ఇరువైపులా కొమ్మలున్నది బ్రయాప్సిస్. ఆకుపచ్చ గాజుగోళీలాంటిది వలోనియా. ఆ గోళీ మొత్తం ఒకే ఒక్క కణం, కొన్ని సెంటీమీటర్ల వరకూ పెరగగలదు.

వీటిలో బ్రయాప్సిస్ దగ్గర కాసేపు ఆగకుండా ఉండలేను. ఆ ఈక కూడా అడ్డుగోడలు లేని ఒకే పొడవాటి కణం, లోపల లెక్కలేనన్ని కేంద్రకాలు. దాన్ని చిదిమితే లోపలి జీవపదార్థం నీళ్ళలోకి చిమ్ముతుంది. మామూలుగా కణానికి అదే చావు. ఇక్కడ మాత్రం చెల్లాచెదురైన ఆ ముక్కలు సముద్రపు నీళ్ళలోనే మళ్ళీ కూడుకుని, చుట్టూ పొర కట్టుకుని, కొత్త మొక్కలుగా లేస్తాయి. తొట్టిలో బ్రష్ పెట్టి రుద్ది వదిలేసినవాళ్ళు పదిహేను రోజుల్లో మరింత దట్టమైన తోటను చూడ్డం వింతేమీ కాదు. మనుషుల ఫంగస్ జబ్బులకు వాడే ఫ్లూకొనజోల్ బ్రయాప్సిస్‌ను చంపుతుందని పెంపకందారులు కనిపెట్టారు. అంత మొండి మొక్కకు అలాంటి మందు అవసరమే. తక్కిన పాచికి సీసాలో మందు వెతకడం నాకు నచ్చదు. చచ్చిన పాచి కుళ్ళి, తనలోని ఎరువంతా తిరిగి నీళ్ళకే ఇస్తుంది.

మొదటి కట్టడి తొట్టిలోకి వచ్చే నీళ్ళ దగ్గర. కుళాయి నీళ్ళలో నైట్రేట్, సిలికా, ఫాస్ఫేట్ ఎంతో కొంత ఉంటాయి. ఆవిరైన నీటికి బదులు రోజూ పోసే ప్రతి చెంబుతోనూ అవి పోగుపడతాయి. అందుకే ఈ నీళ్ళు నాలుగు మెట్లు దిగాలి. మట్టినీ తుప్పునూ ఆపే వడపోత మొదటిది. క్లోరిన్‌ను పట్టే కార్బన్ దిమ్మ రెండోది. మూడోది ఆర్.ఓ. పొర. మన ఇళ్ళలో తాగునీటికి వాడే పొరలాంటిదే. కరిగిన లవణాల్లో నూటికి 95కు పైగా ఆపేస్తుంది. నాలుగోది డీ.ఐ. రెజిన్, చిన్న పూసలు. కొన్ని పూసలు ధన అయాన్లను పట్టి హైడ్రోజన్ వదులుతాయి, కొన్ని రుణ అయాన్లను పట్టి హైడ్రాక్సైడ్ వదులుతాయి. ఆ రెండూ కలిస్తే నీరే. చివర టీ.డీ.ఎస్. మీటరు సున్నా చూపాలి. ఆ సున్నా నీళ్ళలో కిలోకు 35 గ్రాముల లెక్కన సముద్రపు ఉప్పు కలిపితే తొట్టికి నీళ్ళు తయారు. మన తాగునీటి యంత్రంలో నాలుగో మెట్టు ఉండదు. కొత్తవాళ్ళు ఇక్కడే పొదుపు చేస్తుంటారు.

రెండో కట్టడి ప్రొటీన్ స్కిమ్మర్. నిలువు గొట్టంలో అడుగునుంచి సన్నని గాలి బుడగలు లేపుతారు. పంపు చక్రానికి రెక్కల బదులు సూదుల వంటి మేకులుంటాయి. అవి గాలిని కోసి మిల్లీమీటరు కన్నా చిన్న బుడగలుగా ముక్కలు చేస్తాయి. మంచినీళ్ళలో ఇలాంటి బుడగలు వెంటనే ఒకదాన్నొకటి మింగి పెద్దవైపోతాయి. ఉప్పునీళ్ళలో లవణాలు ఆ కలయికకు అడ్డుపడతాయి. స్కిమ్మర్ సముద్రపు నీళ్ళలోనే బాగా పనిచేయడానికి ఇదే మూలం. ప్రొటీన్ల వంటి అణువులకు నీటిని ఇష్టపడే కొస ఒకటి, నీటికి దూరం జరిగే కొస ఒకటి ఉంటాయి. దూరం జరిగే కొస బుడగలోని గాలిలోకి దూరి కూర్చుంటుంది. బుడగ ఆ బరువును మోసుకుంటూ పైకి లేచి, గొట్టం మెడ దగ్గర గట్టి నురుగై, పై గిన్నెలోకి పొర్లుతుంది. బెల్లం వండే పొయ్యి దగ్గర కాగే రసం మీద తేలిన మురికి నురుగును గరిటెతో తీసిపారేస్తారే, అదే పని ఇక్కడ గాలి చేస్తుంది. గిన్నెలో పేరుకునే చిక్కటి గోధుమరంగు ద్రవం వాసన భరించడం కష్టమే గానీ, అది కుళ్ళి నైట్రేట్ కాకముందే బయటపడిన మేత. ఒకసారి నైట్రేట్, ఫాస్ఫేట్‌గా విడిపోయిందంటే మాత్రం స్కిమ్మర్ దాన్ని పట్టలేదు. ఆ అయాన్లకు బుడగతో పని లేదు. స్కిమ్మర్ చేయి జారినదాన్ని అందుకునే పని ఎర్ర వెలుతురు పెట్టెది.

ఈ ఊహ వాల్టర్ ఆడీది. అమెరికాలోని స్మిత్సోనియన్ సంస్థ జాతీయ ప్రకృతిచరిత్ర మ్యూజియంలో ఆయన శైవల శాస్త్రవేత్తగా ఉండేవాడు. కరీబియన్ సముద్రంలోని సెయింట్ క్రొయిక్స్ దీవి దగ్గర దిబ్బల మీద ఏళ్ళపాటు పనిచేశాడు. అలలు విరిగే చోట, ఒకట్రెండు సెంటీమీటర్లకు మించని పొట్టి నాచు మొలకలు రాళ్ళను కప్పి ఉంటాయి. చూడ్డానికి ఏమీ లేనట్టే ఉంటాయి, ఎందుకంటే పెరిగినదాన్ని పెరిగినట్టే చేపలు, అర్చిన్‌లనే ముళ్ళ జీవులు తినేస్తాయి. అవి రోజుకు ఎంత పెరుగుతున్నాయో కొలిస్తే మాత్రం దిబ్బ మొత్తానికి తిండి పెట్టే వ్యవసాయంలో పెద్ద వాటా ఈ పొట్టి నాచుదేనని తేలింది. అంత పెరుగుదలకు కారణం అల. మన విశాఖ తీరంలో ఇది కళ్ళకు కనబడుతుంది. భీమిలి వైపు బండల మీద కెరటం కొట్టి వెనక్కి జారే అంచునే ఉల్వా అనే నాచు పచ్చటి పొరలు దట్టంగా పట్టి ఉంటాయి.

అల ఏం చేస్తుందో వివరంగా చూడాలి, యంత్రమంతా దాని మీదే నిలబడింది. నీళ్ళు ఎంత వేగంగా పారినా, ఏ ఉపరితలాన్నైనా అంటిపెట్టుకుని మిల్లీమీటరు లోపు మందంలో దాదాపు కదలని నీటి పొర ఒకటి మిగులుతుంది. ఎరువు ఆ పొరను దాటి నాచును చేరాలంటే మెల్లగా వ్యాపించి రావాల్సిందే. నీళ్ళలో నైట్రేట్ ఎంతున్నా నాచుకు అందేది ఆ పొర మందాన్ని బట్టి ఉంటుంది. అల ముందుకూ వెనక్కూ కొట్టినప్పుడు ఆ పొర పలచబడి, చిరిగి, కొత్త నీళ్ళు నేరుగా పోగును తాకుతాయి. దానితోపాటు పోగులన్నీ అటూ ఇటూ ఒరుగుతాయి. ఒకదాని నీడలో ఉన్నది మరు క్షణం వెలుతురులోకి వస్తుంది. అంత పలచని నీళ్ళు గాలిని తాకుతూ పారుతాయి కాబట్టి బొగ్గుపులుసు వాయువుకూ లోటుండదు.

ఆడీ ఈ మూడింటినీ ఒక పళ్ళెంలో అమర్చాడు. లోతు లేని తొట్టెలో జాలీ పరిచి, పైన బలమైన దీపాలు పెట్టి, ఒక కొసన ఇరుసు మీద ఊగే బకెట్ బిగించాడు. బకెట్ నిండేకొద్దీ దాని బరువు కేంద్రం ఇరుసుకు ముందుకు జరుగుతుంది. ఒక దశలో తనంతట తానే బోర్లా పడి, నీళ్ళన్నీ ఒక్క అలగా జాలీ మీద కుమ్మరించి, ఖాళీ కాగానే వెనక్కి లేచి నిలబడుతుంది. మోటారు లేదు, మీట లేదు. 1980లో మ్యూజియంలో ప్రదర్శనకు పెట్టిన సజీవ పగడపు దిబ్బ తొట్టి ఇలా నాచుతోనే శుభ్రపడింది. 1982లో ఆయనకు పేటెంట్ వచ్చింది. 1987లో ఆస్ట్రేలియాలోని టౌన్స్‌విల్‌లో తెరిచిన గ్రేట్ బారియర్ రీఫ్ అక్వేరియం, ఆ తర్వాత అరిజోనాలో ఎనిమిది మంది 1991 నుంచి 1993 దాకా తలుపులు బిగించుకుని బతికిన బయోస్ఫియర్ 2 లోని కృత్రిమ సముద్రం ఈ పద్ధతినే వాడుకున్నాయి.

ఇంటి తొట్టికి బకెట్ చప్పుడూ తుంపరా ఇబ్బంది. అందుకని తర్వాతివాళ్ళు జాలీని నిలబెట్టారు. కుట్టుపనికి అమ్మే ప్లాస్టిక్ జాలీ, అంగుళానికి ఏడు గళ్ళున్నది తీసుకుంటారు. దాని నున్నటి ముఖాన్ని రంపపు పళ్ళతో రెండు వైపులా అడ్డదిడ్డంగా గీకుతారు. చేయి పెడితే ముళ్ళు గుచ్చుకున్నట్టు ఉండాలి, లేకపోతే నాచు వేళ్ళకు పట్టు దొరకక, పెరిగిన చాప బరువెక్కి ఊడి పడుతుంది. ఒక పీ.వీ.సీ. పైపుకు పొడుగునా సుమారు మూడు మిల్లీమీటర్ల వెడల్పున సన్న చీలిక కోస్తారు. జాలీ పై అంచు ఆ చీలికలోకి దూరుతుంది. పైపు ఒక కొసకు బిరడా, రెండో కొసకు పంపు. నీళ్ళు చీలికలోంచి దిగి జాలీ రెండు ముఖాల మీదా సమానంగా పరుచుకుంటాయి. వెడల్పులో ప్రతి సెంటీమీటరుకూ గంటకు సుమారు 50 లీటర్లు పారాలన్నది కొలత. అంటే 25 సెంటీమీటర్ల జాలీకి గంటకు 1,250 లీటర్లు. అంతకన్నా తగ్గితే నీళ్ళు పాయలుగా చీలి, మధ్య మధ్య ఎండిన చారలు మిగులుతాయి. రెండు వైపులా కొన్ని సెంటీమీటర్ల దూరంలో 660 నానోమీటర్ల ఎర్ర ఎల్.ఈ.డీ.లు. పత్రహరితం బాగా పీల్చుకునే రంగుల్లో అదొకటి. పైన తొట్టిలో మన కంటికి అందంగా కనబడేలా నీలి దీపం, కింద నాచుకు నచ్చే ఎర్ర దీపం.

జాలీ ఎంత పెద్దదుండాలి? ఇక్కడ ఈ కొలత పెట్టినవాళ్ళ తెలివికి నేను దణ్ణం పెడతాను. తొట్టి ఎన్ని లీటర్లని చూడరు, రోజుకు ఎంత మేత వేస్తున్నారని చూస్తారు. చేపల మేత చిన్న గడ్డకట్టిన ఘనాలుగా దొరుకుతుంది. రోజుకు ఒక్కో ఘనానికి, రెండు వైపులా దీపమున్న జాలీ సుమారు 77 చదరపు సెంటీమీటర్లు కావాలన్నది వాళ్ళ లెక్క. మేతే ఎరువు కాబట్టి కొలవాల్సింది మేతనే. వెయ్యి లీటర్ల తొట్టిలో రెండు చేపలుంటే చిన్న జాలీ చాలు. రెండు వందల లీటర్లలో పది చేపల్ని కుక్కితే పెద్దది కావాలి.

దీపం వేసే వేళ కూడా ఆలోచించి పెట్టిందే. పగలు పై తొట్టిలో పగడాలు బొగ్గుపులుసు వాయువును లాగేస్తాయి, నీళ్ళ పీహెచ్ పెరుగుతుంది. రాత్రి అందరూ ఊపిరి వదులుతారు, పీహెచ్ పడిపోతుంది. స్క్రబ్బర్ దీపాన్ని పై దీపాలు ఆరాక వెలిగిస్తే, రాత్రి వచ్చే వాయువును కింది నాచు లాక్కుంటుంది, పీహెచ్ ఊగిసలాట తగ్గుతుంది. ఒక్క గడియారం మీట మార్చినందుకు రెండో లాభం.

మొదటి రెండు మూడు వారాలు జాలీ మీద గోధుమరంగు జిగటే కనబడుతుంది. ఆ తర్వాత పచ్చదనం మొదలవుతుంది. రంగు చదవడం నేర్చుకుంటే వేరే మీటరు పెద్దగా అక్కర్లేదు. లేత పచ్చ పోగులు వస్తే దీపం, ఎరువు సరితూగాయి. నల్లగా, ముదురు గోధుమగా వస్తే నీళ్ళలో ఎరువు ఎక్కువ, వెలుతురు చాలడం లేదు. పసుపు రంగులో రబ్బరులా సాగితే వెలుతురు ఎక్కువ, ఎరువు తక్కువ. గోదావరి జిల్లాల రొయ్యల రైతులు చెరువు నీళ్ళ రంగు చూసి మేత తగ్గించేది, పెంచేది ఇలాంటి చదువుతోనే. కాకపోతే వాళ్ళకు నాచు మొత్తం నీళ్ళలో తేలుతూ కావాలి, ఇక్కడ ఒక్క జాలీ మీదే కావాలి.

వారం నుంచి రెండు మూడు వారాలకోసారి కోత. జాలీ ఊడదీసి, ప్లాస్టిక్ చెక్కతో నాచు గీకి, వేరు పట్టు మాత్రం పలచగా మిగిల్చి, మంచినీళ్ళతో కడుగుతారు. మంచినీళ్ళ కడుగుడుకు కారణం ఉంది: నాచులో కాపురం పెట్టి దాన్ని లోపల్నుంచే తినే కోపీపాడ్ అనే బుల్లి పురుగులు ఉప్పులేని నీళ్ళకు తట్టుకోలేవు. కోత ఆలస్యమైతే కింది పొరలకు వెలుతురు అందక కుళ్ళుతాయి, పట్టిన ఎరువు తిరిగి తొట్టికే పోతుంది. కోసింది ఎంత పని చేసిందో లెక్క కట్టవచ్చు. ఎండబెడితే 10 గ్రాములు తూగే నాచులో నైట్రోజన్ నూటికి మూడు పాళ్ళనుకుంటే 0.3 గ్రాములు, నైట్రేట్‌గా లెక్కిస్తే 1.3 గ్రాములు. 400 లీటర్ల తొట్టిలో అది లీటరుకు 3 మిల్లీగ్రాములకు పైనే. దానితోపాటు, మరే వాకిలీ లేని ఫాస్ఫరస్ కూడా చెత్తబుట్టలోకి వెళ్ళింది. దీని మీద ఒక ఫిర్యాదు ఉంది: నాచు నీళ్ళలోకి వదిలే కర్బన పదార్థాలతో నీళ్ళకు పసుపు చాయ వస్తుందని. నిజమే. సంప్‌లో యాక్టివేటెడ్ కార్బన్ సంచీ ఒకటి వేస్తే ఆ చాయ పోతుంది.

ఇంత చేసినా పై తొట్టిలో మేసేవాళ్ళు ఉండాల్సిందే. 1983 జనవరిలో పనామా తీరంలో మొదలైన ఏదో రోగం ఏడాది పైచిలుకులో కరీబియన్ అంతటా పాకి, డయాడీమా అనే పొడుగు ముళ్ళ అర్చిన్‌లను నూటికి తొంభైకి పైగా చంపేసింది. జమైకాలో నాచు తినే చేపల్ని అప్పటికే జాలర్లు ఊడ్చేశారు, 1980లో తుఫాను దిబ్బల్ని విరగ్గొట్టింది. మిగిలిన ఒక్క కాపలా ఈ అర్చిన్‌లే. అవీ పోయాక, 1970ల చివర దిబ్బ అడుగులో సగం దాకా కప్పి ఉన్న పగడం 1990ల మొదట్లో నూటికి మూడు పాళ్ళకు దిగింది. నూటికి నాలుగు పాళ్ళుండే నాచు తొంభై రెండుకు పెరిగింది. సముద్రంలోనూ పాచి పడుతుందని, అది ఎరువు పెరగకుండా కూడా పడవచ్చని అక్కడ తెలిసింది.

అర్చిన్ నోటిని చూస్తే ఆ కాపలా ఎంత గట్టిదో అర్థమవుతుంది. దాన్ని అరిస్టాటిల్ లాంతరు అంటారు. ఆయన జంతువుల గురించి రాసిన గ్రంథంలో దీని వర్ణన ఉంది. ఐదు దవడలు వలయంగా నిలబడి, ఐదు పళ్ళు కింద ఒకే చోట కలుస్తాయి. దవడలూ వాటి ఆధారాలూ కలిపి సుమారు నలభై సున్నపు ముక్కలు, వాటిని కదిపే కండరాలు. ఒక్కో పన్ను కాల్సైట్ పలకలతో, నారలతో అల్లినది. నమిలేకొద్దీ అంచున ఉన్న పలకలు ఊడిపోతాయి, ఊడిన చోట కొత్త పదును బయటపడుతుంది. వెనకనుంచి పన్ను పెరుగుతూనే ఉంటుంది. రాయిని గీకి గీకి మొండిబారని ఉలి అది. నత్తలది ఇంకో పనితనం. నాలుక స్థానంలో రాడ్యులా అనే కైటిన్ పట్టీ, దాని మీద వరసలు వరసలుగా సూక్ష్మమైన పళ్ళు. ముందు వరస అరిగితే వెనక వరస జరుగుతుంది. నత్తను ఎంచేటప్పుడు తిండికన్నా ముందు చూడాల్సింది ఒకటుంది. ట్రోకస్ నత్త గాజు మీదనుంచి వెల్లకిలా పడితే తనంతట తాను తిరగబడి లేస్తుంది. ఆస్ట్రియా లేవలేదు, ఎవరూ చూడకపోతే అక్కడే చచ్చి, తిన్నదంతా నీళ్ళకు అప్పజెప్తుంది. చేపల్లో జెబ్రసోమా జాతి మూతి పొడుగ్గా ఉండి రాళ్ళ సందుల్లో పోగుల్ని తుంచుతుంది; టీనోకీటస్ జాతి పళ్ళు దువ్వెనలా ఉండి పలచని పొరను దువ్వి తీస్తాయి. ఎలీసియా క్రిస్పాటా అనే సముద్రపు స్లగ్గయితే నాచు కణాన్ని పీల్చి, అందులోని హరితరేణువుల్ని జీర్ణం చేసుకోకుండా తన ఒంట్లోనే దాచుకుని పచ్చగా తిరుగుతుంది.

అయితే మేసేవాళ్ళు నాచును పేడగా మారుస్తారంతే. ఎరువు తొట్టి దాటి పోదు. బయటికి పంపేది స్కిమ్మర్ గిన్నె, స్క్రబ్బర్ కోత, మార్చిన నీళ్ళు. ఆ పేడను నైట్రేట్, ఫాస్ఫేట్‌గా విడిపోయాక పట్టుకునేది స్క్రబ్బర్. ఈ ఇద్దరి పని వేరని తెలియక నత్తల మీద నత్తల్ని కొనేవాళ్ళు చాలామంది.

పాచి ఇప్పటికే కమ్మేసి ఉంటే మొదటి పని చేతిదే. సన్న గొట్టం చివర పళ్ళు తోమే బ్రష్‌ను కట్టి, గొట్టం రెండో కొసను సంప్‌లోని వడపోత సంచీలో వేస్తారు. బ్రష్‌తో రుద్దిన పోగు ఎటూ తేలిపోకుండా ఆ క్షణమే గొట్టంలోకి లాగబడుతుంది, నీళ్ళు సంచీ గుండా సంప్‌లోకే వస్తాయి. కొనడానికి ఏమీ ఖర్చు కాని ఈ పనిముట్టు చాలా సీసాల మందులకన్నా మేలు. ఫాస్ఫేట్‌ను ఐరన్ ఆక్సైడ్ గుళికలతో పట్టవచ్చు గానీ కొద్దికొద్దిగా. ఒక్కసారి లాగేస్తే పగడాల కొసలు తెల్లబడి కణజాలం ఊడుతుంది. గోధుమరంగు దారాల మధ్య గాలి బుడగలు చిక్కుకుని, నత్తలు చచ్చిపోతుంటే మాత్రం పై పద్ధతులన్నీ ఆపాలి. అది డైనోఫ్లాజెల్లేట్ కావచ్చు. చుక్క నీళ్ళు మైక్రోస్కోపు కింద 400 రెట్లు పెంచి చూస్తే తెలుస్తుంది. నైట్రేట్, ఫాస్ఫేట్ పూర్తిగా అడుగంటిన తొట్టిలోనే అది తరచుగా రెచ్చిపోతుంది. అక్కడ వాటిని కాస్త పెంచడమే వైద్యం. దాని జాతుల్లో ఆస్ట్రియాప్సిస్ రాత్రి నీళ్ళలోకి తేలుతుంది కాబట్టి అతినీలలోహిత దీపం గుండా నీళ్ళు తిప్పితే పట్టుబడుతుంది.

ఉప్పునీటి తొట్టి పెట్టాలనుకునే పాఠకులకు నా సలహా ఈ వరసలో కొనమని: ముందు డీ.ఐ. దాకా ఉన్న నీటి యంత్రం, తర్వాత నైట్రేట్, ఫాస్ఫేట్ కిట్లు, ఆ తర్వాత మేతకు తగిన కొలతతో స్క్రబ్బర్. జాలీ పచ్చబడ్డాకే చేపలు, అవీ కొద్దిగా. పగడాల విషయంలో ఒక్క జాగ్రత్త: మన దేశంలో గట్టి పగడాలన్నీ వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో ఉన్నాయి. వాటిని సముద్రంలోంచి తీయడం, అమ్మడం, కొనడం నేరం.